పీఎస్5 డ్రైవ్ ఉన్నదా, లేనిదా? డౌన్‌లోడ్ గేములతో వచ్చే లాభం, నష్టం

ప్రశ్న రాజమండ్రి నుంచి వచ్చింది. ఇంటర్ చదివే బాబుకి పీఎస్5, అంటే సోనీ వారి గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5, కొనాలనుకుంటున్నారు. డిస్క్ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ 10 వేలు తక్కువకి వస్తోందని, "ఈ రోజుల్లో డిస్కులు ఎవరు కొంటున్నారండీ" అని షాపులో అన్నారని రాశారు. ఇంట్లో 40 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. బాబు, పాప ఇద్దరూ ఆడతారు. డల్లాస్‌లో ఉన్న బావమరిది సెలవులకి వస్తూ డిస్కులు తెస్తానన్నారట. ఏది కొనమంటారు అని అడిగారు.

డ్రైవ్ ఉన్నదే కొనండి. నేను సికింద్రాబాద్‌లో చాలా ఏళ్లు గేమ్ డిస్కులు అమ్మాను, పాతవి కొని మళ్లీ అమ్మాను, కాబట్టి ఈ సలహాలో డిస్కుల మీద మమకారం కలిసిందేమోనని మీకు అనుమానం రావచ్చు. ఆ వ్యాపారం మానేశాను. ఇప్పుడు నా దగ్గరున్న గేముల్లో సగానికి పైగా డౌన్‌లోడ్‌లే. డౌన్‌లోడ్ చెడ్డదని నేను అనను. దానికి ఎంత డబ్బు పెట్టొచ్చు అన్న దగ్గరే జనం మోసపోతున్నారు. డౌన్‌లోడ్ గేమ్ అంటే కంపెనీ మీ ఖాతాకి ఇచ్చిన అనుమతి. అనుమతికి వస్తువు ధర పెట్టకండి. మిగతాదంతా ఇక్కణ్ణుంచే వస్తుంది.

ఈ మాట కంపెనీల నోటితోనే వినొచ్చు. 2024 అక్టోబరు నుంచి స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) గేమ్ కొనేటప్పుడు, డబ్బు కట్టే పేజీలోనే ఒక లైను కనిపిస్తోంది: మీకు వచ్చేది ఆ గేమ్‌కి లైసెన్సు మాత్రమే అని. కాలిఫోర్నియా రాష్ట్రం ఆ సెప్టెంబరులో ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ వస్తువులు అమ్మేవాళ్లు, అది లైసెన్సేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలి. నిబంధనల్లో ఈ షరతు మొదటి నుంచీ ఉంది. చట్టం వచ్చాకే కళ్లెదుటికి తెచ్చారు.

ఆ లైసెన్సు పోతే ఎలా ఉంటుందో యూబీసాఫ్ట్ కంపెనీ వారి 'ది క్రూ' ఉదంతంలో చూశాం. 2014 డిసెంబరులో వచ్చిన కార్ల రేసింగ్ గేమ్ అది. ఒంటరిగా ఆడినా సరే, సర్వర్‌కి కనెక్ట్ కాకపోతే మొదలే కాదు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అక్కడితో ఆగి ఉంటే గొడవ అంత పెద్దది అయ్యేది కాదేమో. కానీ ఆ తర్వాత, అంతకుముందే కొన్నవాళ్ల లైబ్రరీల్లోంచి లైసెన్సులే తీసేశారు. డబ్బిచ్చి కొన్న గేమ్‌ని మళ్లీ దింపుకునే దారి కూడా మూసేశారు. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం దీని నుంచే పుట్టింది. యూరోపియన్ యూనియన్‌లో ఆ ఉద్యమం పెట్టిన పౌరుల అర్జీకి 2025 జులై నాటికి 10 లక్షలు దాటి సంతకాలు వచ్చాయి. ఒత్తిడి ఊరికే పోలేదు. 'ది క్రూ 2'కి ఆఫ్‌లైన్ మోడ్ పెడతామని 2024 సెప్టెంబరులోనే ఆ కంపెనీ మాట ఇవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి, చాలామంది దీన్ని కలగాపులగం చేసి భయపడుతుంటారు. అమ్మకం ఆపేయడం వేరు, స్టోర్ మూసేయడం వేరు, సర్వర్ ఆపేయడం వేరు. 'ఫోర్జా హొరైజన్ 4'ని 2024 డిసెంబరు 15న అమ్మకం నుంచి తీసేశారు. కార్ల కంపెనీలతో, పాటల హక్కుదారులతో ఉన్న ఒప్పందాల గడువు తీరితే రేసింగ్ గేములకి ఇలా జరుగుతూనే ఉంటుంది. అయితే ముందే కొన్నవాళ్లు ఇప్పటికీ దింపుకుని ఆడుకోవచ్చు. నింటెండో 2023 మార్చి 27న తన పాత కన్సోళ్లు 3డీఎస్, వీ యూల స్టోర్లలో అమ్మకాలు ఆపింది. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులై 29న మూతపడింది. అక్కడా పాత కొనుగోళ్లని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోనిచ్చారు, కొత్తగా కొనడానికే లేదు. మూడో రకమే ప్రాణం తీసేది. కాబట్టి కొనేముందు అడగాల్సింది "ఈ స్టోర్ ఎన్నాళ్లుంటుంది" అని కాదు, "ఈ గేమ్ నెట్ లేకుండా నడుస్తుందా" అని.

ఈ ప్రశ్న డిస్కుకీ వర్తిస్తుంది. 'ది క్రూ' డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నవాళ్లకీ అది ఇప్పుడు పనికిరాదు. 2022లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2' పీఎస్5 డిస్కులో ఉన్నది సుమారు 70 ఎంబీ మాత్రమే, మిగతా గేమంతా నెట్ నుంచి దించుకోవాల్సిందే. 2025 జూన్‌లో తన కొత్త కన్సోల్ స్విచ్ 2తో పాటే నింటెండో 'గేమ్-కీ కార్డ్' అని ఒకటి తెచ్చింది. పెట్టె ఉంటుంది, కార్డు ఉంటుంది, అందులో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రమే ఉంటుంది. దాన్ని తిరిగి అమ్ముకోవడం కుదురుతుంది, అంతవరకు నయం. పెట్టె మీద చిన్న అక్షరాల్లో డౌన్‌లోడ్ తప్పనిసరి అనో, ఇంటర్నెట్ కావాలి అనో రాసి ఉంటుంది, అది చదివి కొనండి. 'డజ్ ఇట్ ప్లే' అనే స్వచ్ఛంద బృందం నెట్ తీసేసి డిస్కుల్ని పరీక్షించి, ఏది మొదటి నుంచి చివరిదాకా నడుస్తుందో జాబితా పెడుతోంది. నేను కొనేముందు అందులో ఒకసారి వెతుకుతాను. ఒంటరిగా ఆడే కథ గేములు చాలావరకు ఆ పరీక్షలో నిలబడుతున్నాయి, డిస్కు విలువ ఉన్నది వాటికే.

ఇక డబ్బు లెక్క. పీఎస్5లో తర్వాత వచ్చిన సన్నటి రకం, స్లిమ్ మోడల్, 2024 ఏప్రిల్‌లో మన దేశానికి వచ్చినప్పుడు డ్రైవ్ ఉన్నది 54,990 రూపాయలు, లేనిది 44,990. సోనీ సొంత గేములు పెద్దవైతే కొత్తవి అప్పట్లో 4,999. విడుదలైన వారంలో డిస్కు కొన్నారు, బాబు నెల రోజుల్లో పూర్తి చేశాడు, 3 వేలకి అమ్మేశారు అనుకుందాం. గేమ్‌కి అయిన ఖర్చు 2 వేలు. డౌన్‌లోడ్ అయితే 4,999 పోయినట్టే, రూపాయి తిరిగి రాదు. ఇలా నాలుగు గేములు తిప్పితే 12 వేలు వెనక్కి వస్తాయి, డ్రైవ్‌కి పెట్టిన 10 వేలు అక్కడే తీరిపోతాయి. ఒకే కాలనీలో ఇద్దరు ముగ్గురు పిల్లలకి పీఎస్5 ఉంటే డిస్కులు మార్చుకుంటారు, అప్పుడు ఇంకా తొందరగా తీరుతుంది.

అయితే ఆగగలిగేవాళ్లకి ఈ లెక్క తిరగబడుతుంది. ఏడాది, ఏడాదిన్నర ఓపిక పడితే అదే గేమ్ స్టోర్ సేల్‌లో సగం ధరకో, అంతకన్నా తక్కువకో వస్తుంది. ఆ ధరకి డౌన్‌లోడ్ కొంటే నాకు అభ్యంతరమే లేదు. పాత డిస్కు కోసం తిరగడం, గీతలు చూసుకోవడం, మళ్లీ అమ్మడానికి ఎవరో దొరికేదాకా ఎదురుచూడడం, ఈ తలనొప్పులేవీ ఉండవు. రెండు వేలకి కొని యాభై గంటలు ఆడిన గేమ్ పదేళ్ల తర్వాత లైబ్రరీలోంచి పోయినా మనసు కష్టపడుతుంది గానీ జేబుకి దెబ్బ కాదు. ఐదు వేలు పెట్టి విడుదల రోజే డౌన్‌లోడ్ కొనడం మాత్రం వద్దని గట్టిగా చెప్తాను. అందులో దెబ్బ రెండు వైపులా పడుతుంది. ధర వస్తువుది కడతారు, చేతికొచ్చేది అనుమతి.

ఫుట్‌బాల్ గేములు ప్రత్యేకం. ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ ఏటా సెప్టెంబరు చివర్లో కొత్తది వస్తుంది, ఆ రోజు నుంచి పాతదాన్ని అడిగేవాడుండడు. మీ బాబు అది ఆడేవాడైతే డిస్కు కొని, వేసవి సెలవులు ముగిసేలోపే అమ్మేయమనండి. ఫోర్ట్‌నైట్ లాంటివి ఎలాగూ ఉచిత డౌన్‌లోడ్‌లే, వాటికి ఈ చర్చంతా అవసరం లేదు.

వాపసు విషయంలో స్టీమ్‌కీ ప్లేస్టేషన్‌కీ చాలా తేడా ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకి మించి ఆడకుండా ఉంటే మారుమాట లేకుండా డబ్బు వెనక్కిస్తారు. ప్లేస్టేషన్‌లోనూ 14 రోజులే, కానీ డౌన్‌లోడ్ మొదలైతే చాలు, ఆ హక్కు పోతుంది. గేమ్ నచ్చిందో లేదో తెలియాలంటే దించాలి, దించితే వాపసు లేదు. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే మీ ప్రమేయం లేకుండానే దిగిపోతుంది. స్టోర్‌లో కొనే అలవాటున్న ఇంట్లో ముందు ఆ సెట్టింగ్ ఆపేయండి. కొత్త గేమ్ మొత్తం దెబ్బతిన్నప్పుడు కంపెనీలే డబ్బిచ్చిన సందర్భాలూ లేకపోలేదు. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన 'కాంకర్డ్'ని రెండు వారాల్లో, సెప్టెంబరు 6న ఆపేసి, కొన్నవాళ్లందరికీ తిరిగి చెల్లించింది. దాన్ని మినహాయింపుగానే చూడాలి.

మీ 40 ఎంబీపీఎస్ కనెక్షన్ సరిపోతుంది. 100 జీబీ గేమ్ దిగడానికి లెక్క ప్రకారం ఐదున్నర గంటలు. ఇంట్లో ఇంకెవరూ నెట్ వాడకపోతే రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి సిద్ధం. నెలవారీ డేటా హద్దు ఎంతో ఒకసారి చూసుకోండి. జియోఫైబర్ లాంటి ప్లాన్లలో అది 3,300 జీబీ, గేములకి అది చాలా ఎక్కువ. ఫైబర్ లేని ఊళ్లో, రోజుకి 2 జీబీ మొబైల్ డేటాతో అయితే అదే గేమ్‌కి 50 రోజులు. అలాంటి ఇంటికి డిజిటల్ ఎడిషన్ అమ్మడం అన్యాయం. డిస్కు ఉన్నా మొదటి రోజు అప్‌డేట్లు ఎన్నో జీబీలుంటాయి, నిజమే. అయినా అసలు గేమ్ డిస్కులోంచి ఎక్కుతుంది కాబట్టి ఆట మొదలుపెట్టొచ్చు.

డిస్కు కొంటే కన్సోల్‌లో జాగా మిగులుతుందని చాలామంది అనుకుంటారు. మిగలదు. పీఎస్5లో డిస్కులోని గేమ్ మొత్తం లోపలి స్టోరేజీ (ఎస్ఎస్‌డీ)లోకి కాపీ అవుతుంది. తర్వాత డిస్కు ఉన్నదా లేదా అని చూసి ఆడనివ్వడమే డ్రైవ్ పని. మొదటి మోడల్‌లో 825 జీబీ అని రాసి ఉన్నా వాడుకోవడానికి దొరికేది 667 జీబీ, అంటే పెద్ద గేములు ఐదారుకే నిండిపోతుంది. స్లిమ్‌లో 1 టీబీ ఇచ్చారు. ఒకటి తీసేసి ఇంకోటి ఎక్కించుకునేటప్పుడు డిస్కు ఉన్నవాడికి మళ్లీ అంతా నెట్ మీద దించే పని తప్పుతుంది, ఈ విషయంలో డిస్కుకున్న లాభం అంతే.

ఇంట్లో ఇద్దరు పిల్లలంటున్నారు కాబట్టి డౌన్‌లోడ్ పక్షాన ఒక మంచి మాట. పీఎస్5లో 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' అనే సెట్టింగ్ ఉంది. మీ ఖాతాకి అది ఆ కన్సోల్‌లో ఆన్ చేస్తే, మీరు కొన్న డౌన్‌లోడ్ గేముల్ని బాబు, పాప ఎవరి ఖాతాలో వాళ్లు ఆడుకోవచ్చు, నెట్ పోయినా ఆడుకోవచ్చు. డిస్కు మార్చడానికి లేవాల్సిన పని లేదు, ఆట ఎంతవరకు వచ్చిందన్న సేవ్ ఎవరిది వాళ్లకే ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో డిస్కు మీద జిడ్డు వేళ్లు పడే బాధ కూడా తప్పుతుంది. ఒక ఖాతాకి ఒక్క పీఎస్5లోనే అది ఆన్‌లో ఉంటుంది, అది గుర్తుంచుకోండి. ఆ సెట్టింగ్ విలువ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ పడిపోయిన రోజున తెలుస్తుంది. 2011 ఏప్రిల్‌లో హ్యాకింగ్ వల్ల మూడు వారాలకు పైగా ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఒక రోజు ఆగింది.

ఈ సెట్టింగ్‌నే అడ్డం పెట్టుకుని మన దగ్గర ఒక వ్యాపారం నడుస్తోంది, దాని జోలికి వెళ్లకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్‌లో "ప్రైమరీ 1,500, సెకండరీ 900" అంటూ ప్రకటనలుంటాయి. ఆ సెట్టింగ్ మీ కన్సోల్‌లో ఆన్ చేసి ఇచ్చేది ప్రైమరీ, అది లేకుండా ఇచ్చేది సెకండరీ. ఆ అమ్మేవాడు ఒక ఖాతాలో గేమ్ ఒకసారి కొని, ఆ ఖాతా వివరాలు ఇద్దరు ముగ్గురికి విడివిడిగా అమ్ముతాడు. ఖాతా వాడిదే, ఈమెయిల్ వాడిదే, బిల్లు వాడి పేరు మీదే. పాస్‌వర్డ్ మార్చేసినా, కంపెనీ ఆ ఖాతాని నిషేధించినా మీ చేతిలో అడగడానికి ఆధారమంటూ ఏమీ ఉండదు. మా కొట్టుకి వచ్చి ఇలా పోగొట్టుకున్నామని చెప్పిన పిల్లల్ని చూశాను. పాకెట్ మనీ దాచుకుని కొన్నవాళ్లు వాళ్లు, అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

డల్లాస్ డిస్కుల సంగతి. పీఎస్5 డిస్కులకి ప్రాంతం తాళం లేదు, అమెరికా డిస్కు మీ కన్సోల్‌లో శుభ్రంగా నడుస్తుంది. చిక్కు అదనపు కంటెంట్ దగ్గర వస్తుంది. ఆ గేమ్‌కి ఎక్స్‌పాన్షన్‌ని (విడిగా అమ్మే అదనపు భాగాన్ని) మీ భారతీయ ఖాతాలో కొంటే, అది అమెరికా డిస్కుతో పొసగకపోవచ్చు, ఎందుకంటే డిస్కు ఏ ప్రాంతానిదో అదనపు కంటెంట్ కూడా ఆ ప్రాంతం స్టోర్‌దే అయి ఉండాలి. కథ మొత్తం డిస్కులోనే ఉండి ఎక్స్‌పాన్షన్లు లేని గేములు మాత్రమే తెప్పించుకోండి. ధర కూడా చూసుకోండి. అక్కడ కొత్త గేమ్ 70 డాలర్లు, డల్లాస్‌లో 8.25 శాతం అమ్మకం పన్ను కలిపితే దాదాపు 76 డాలర్లు. మన 4,999 కన్నా అది ఎక్కువే. బ్లాక్ ఫ్రైడే తగ్గింపులోనో, అక్కడి పాత డిస్కుల షాపులోనో దొరికినవైతే లాభం. డాలర్ల గిఫ్ట్ కార్డు పంపమని మాత్రం అడగకండి, అది భారతీయ ఖాతాలో పడదు.

పాత డిస్కు కొనేటప్పుడు చూడాల్సింది చెప్తాను, దీనికి అలవాటు కావాలి. ట్యూబ్‌లైట్ కింద డిస్కుని ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. సన్నటి వెంట్రుక గీతలు ఎన్నున్నా ఫర్వాలేదు. గోరు ఆనిస్తే తగిలే గీత ఉంటే వదిలేయండి. పాత పీఎస్2 కాలం డీవీడీల్లో డేటా పొర 0.6 మిల్లీమీటర్ల లోతున, అంటే డిస్కు మందంలో సరిగ్గా మధ్యలో ఉండేది, పైన గీత పడితే పాలిష్ చేసి బాగుచేసేవాళ్లం. బ్లూ-రేలో ఆ పొర పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. పైన గట్టి పూత ఉంటుంది కాబట్టి మామూలుగా లోతైన గీతలు పడవు, పడ్డాయంటే డేటాకే తగిలినట్టు. టూత్‌పేస్టు రుద్దితే పోతుందని వీడియోల్లో చెప్పేది దీనికి పనిచేయదు, పైగా ఉన్న పూత పోతుంది. తర్వాత మధ్య రంధ్రం చుట్టూ చూడండి. కేసులోంచి బలంగా లాగితే అక్కడ సన్నటి బీటలు వస్తాయి, డ్రైవ్‌లో వేగంగా తిరిగేటప్పుడు అవి పెరుగుతాయి. డిస్కు పెట్టగానే గేమ్ పేరు కనిపించిందని సరిపెట్టుకోకండి. అమ్మేవాడి కన్సోల్‌లోనే కాపీ నూరు శాతం అయ్యేదాకా కూర్చోండి, పాడైన డిస్కులు చాలాసార్లు సగం దాటాకే ఆగిపోతాయి. డీలక్స్ ఎడిషన్ అని ఎక్కువ అడిగితే అదనపు కంటెంట్ కోసం లోపల ఇచ్చిన కోడ్ వాడేశారేమో అడగండి, అది ఒక్కసారికే పనిచేస్తుంది.

డ్రైవ్‌కీ బలహీనతలున్నాయి. అది కదిలే భాగాలున్న యంత్రం, ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. పాత పీఎస్5లో డ్రైవ్ బోర్డు ఆ కన్సోల్‌తో జత కట్టి ఉంటుంది, వేరే కన్సోల్‌లోది తెచ్చి బిగిస్తే నడవదు. రిపేరు చేసేవాడికి ఈ సంగతి తెలుసో లేదో చూసి ఇవ్వండి. స్లిమ్‌లో డ్రైవ్‌ని విడిగా తీసి పెట్టుకోవచ్చు, కానీ మొదటిసారి తగిలించినప్పుడు జత కట్టడానికి నెట్ కావాలి. డిజిటల్ ఎడిషన్ కొని తర్వాత డ్రైవ్ తగిలించుకుందామంటే కూడా దారి ఉంది. అది మీ షాపులో విడిగా దొరుకుతుందో, ఎంతకి ఇస్తారో కన్సోల్‌కి డబ్బు కట్టకముందే అడగండి.

బాబుకి ఇంజనీరింగ్‌లో చేరాక కంప్యూటర్ కొంటారేమో, అక్కడ లెక్క వేరు. పీసీకి డిస్కులు పోయి చాలాకాలమైంది, పెట్టె కొన్నా లోపల స్టీమ్ కోడ్ ఉండేది. అక్కడ డౌన్‌లోడ్ తప్పదు, కాబట్టి సేల్‌లో కొనడం, వాపసు వాడుకోవడం, ఎపిక్ అనే ఆన్‌లైన్ స్టోర్ వాళ్లు వారం వారం ఉచితంగా ఇచ్చేవి తీసుకోవడం, ఇవీ మార్గాలు. మనసుకి బాగా దగ్గరైన పాత గేములు జీఓజీ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఉంటే అక్కడ కొనండి. అది ఇన్‌స్టాలర్ ఫైల్ ఇచ్చేస్తుంది, హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే రేపు ఆ సైట్ లేకపోయినా మీ గేమ్ మీ దగ్గర ఉంటుంది. ఈ జాగ్రత్త నాకు చాదస్తంగా అనిపించదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. మనం చిన్నప్పుడు ఆడినవి మన పిల్లలకి చూపించలేని స్థితి అది.

కన్సోల్ ఇంటికి రాగానే ఖాతా మీ పేరు మీద, దేశం భారత్ అని పెట్టి తెరవండి. ఒకసారి ఎంచుకున్న దేశాన్ని తర్వాత మార్చుకోనివ్వరు. బాబుది, పాపది ఫ్యామిలీ మేనేజ్‌మెంట్ అనే సెట్టింగ్ కింద వాళ్ల అసలు వయసుతో చేర్చండి. రెండంచెల భద్రత అథెంటికేటర్ యాప్‌తో పెట్టి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు ఉంచండి. కార్డు వివరాలు కన్సోల్‌లో దాచకండి. రూపాయల వాలెట్ కార్డు కొని, అవసరమైనంతే వేసుకోండి. డబ్బు కట్టి తీసుకునే ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వంలో నెలనెలా వచ్చే గేములు సభ్యత్వం ఉన్నంతకాలమే తెరుచుకుంటాయని బాబుకి ముందే చెప్పండి.